అక్కకు కరెంటు పెట్టిన రోజు

ఆ మాట మొదట అన్నది డాక్టరు కాదు. డాక్టరు రేడియేషన్ అన్నాడు, అదీ కంప్యూటర్ తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా. బయట హాల్లో అక్క పక్క కుర్చీలో ఒకావిడ కూర్చుని ఉంది, తలకు స్కార్ఫు చుట్టుకుని. "మీకు కూడా కరెంటు పెట్టాలన్నారా అండి? నాకూ పెడుతున్నారు. మొదట్లో భయమేస్తుంది, తర్వాత అలవాటైపోతుందిలెండి" అంది. పాపం, ధైర్యం చెబుదామనే అంది. నాకు మాత్రం ఇప్పటికీ ఆవిడను తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మా వైపు ఆసుపత్రుల్లో ఆ వైద్యానికి ఉన్న పేరే అది. కాన్సర్ గడ్డను కోసి తీసేశాక, ఆ చోట కంటికి కనిపించని కణాలేవైనా మిగిలి ఉంటే చావాలని ఎక్స్ కిరణాలు పెడతారు. ఆయాలు, ఆటోవాళ్లు, పేషెంట్లు, చివరికి కొందరు నర్సులు కూడా దాన్ని కరెంటు పెట్టడమనే అంటారు. ఎవరు మొదలుపెట్టారో గానీ, ఆ పెద్ద మిషనూ, తలుపు మీద ఎర్ర లైటూ చూసి పెట్టి ఉంటారు. ఎవరికైనా అది ఒట్టి మాటే. మా అక్కకు కాదు.

మా బావ కరెంటు షాకుతోనే పోయాడు. మూసాపేటలో వాళ్లు కిరాయికుండే ఇంటి డాబా మీద, వానాకాలంలో. బట్టలారేసే ఇనప తీగకు ఎక్కడో పాత వైరు ఒకటి తగిలి ఉంది, ఎవరూ చూసుకోలేదు. చినుకులు మొదలైతే బట్టలు తీసుకొస్తానని ఆయన పైకెళ్లాడు. ఎంతకీ రాకపోయేసరికి అక్క వెనకే వెళ్లింది. తీగ పట్టుకుని నిలబడ్డ మనిషి పిలిస్తే పలకడం లేదు, తీగ వదలడం లేదు. అక్క ఉరికెళ్లి ఆయన చెయ్యి గుంజబోయింది. పక్కింటాయన కర్ర అడ్డం పెట్టి అక్కను అవతలికి నెట్టేశాడు. ఆయన నెట్టకపోతే ఆ రోజే మాకు అక్క కూడా లేకుండా పోయేది. అయినా అక్క ఈనాటికీ ఆయనతో మనసు విప్పి మాట్లాడదు.

అలాంటి మనిషికి, నీ ఛాతీకి కరెంటు పెడతారమ్మా అని హాల్లో కూర్చోబెట్టి చెప్పారు.

ఆ రోజు కారులో అక్కను నల్లగండ్లలో మా ఇంటికి తీసుకొచ్చాను. ఆపరేషన్ అయినప్పటి నుంచి మా ఫ్లాట్‌లోనే ఉంటోంది. మూసాపేటలో తన టైలరింగ్ షాపు ఉంది, కుట్టాల్సిన జాకెట్లు పడి ఉన్నాయి, వెళ్తానని తనంటే నేనే బలవంతాన ఆపాను. మా పాప అక్క పక్కలోనే పడుకుంటుంది, మా ఇద్దరి కంటే పెద్దమ్మే ఎక్కువ దానికి. ఆ సాయంత్రం అక్క హాల్లో చాప పరుచుకుంది. "నడుం పట్టేసింది, పరుపు మీద పండబుద్ధి అయితలేదు" అంది. పాప ఏడ్చింది. కుట్లు ఇంకా సలుపుతున్నాయేమో, పిల్ల కాలు తగులుతుందని భయమేమో అనుకున్నాను. నా తెలివి అక్కడి దాకానే పనిచేసింది.

తర్వాత ఛాతీ మీద గుర్తులు పెట్టడానికి రమ్మన్న రోజు పొద్దున, నేను కారు తాళాలు పట్టుకుని నిలబడితే అక్క చీర కూడా మార్చుకోలేదు.

"నేను రాను. గడ్డ తీసేసిన్రు గదా. ఇగ సాలు."

"అక్కా, గడ్డ తీస్తే అయిపోదు. మిగిలినయి ఉంటయి."

"ఉంటే ఉండని."

కోపం ముంచుకొచ్చింది. కోపమంతా భయమేనని నాకు తెలుసు, అయినా అరిచాను. అక్క నన్ను పెంచిన మనిషి. అమ్మ పొలం పనికి పోతే నాకు జడలేసి బడికి పంపింది తనే. ఆ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని, నా అరుపులన్నీ విని, "అయిపోయిందా? టీ తాగుతవా?" అని అడిగింది. డాక్టరుకు ఫోన్ చేస్తే, "ఇప్పటికే లేటైంది మేడమ్. ఇంకా ఆలస్యం చేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది. ఎలాగైనా ఒప్పించండి" అన్నాడు. ఎలాగైనా అంటే ఎలాగో ఆయన చెప్పలేదు.

ఇంకో విడ్డూరం చెబుతాను. నా ఉద్యోగమే ఇది. కోకాపేటలో ఒక అద్దాల బిల్డింగులో, ఇంటర్ పిల్లలకు ఫోన్లలో చూసే ఫిజిక్స్ పాఠాలు రాస్తాను. సరిగ్గా ఆ వారం నా బల్ల మీద ఉన్న పాఠం విద్యుదయస్కాంత తరంగాలు. కావాలని ఎవరైనా నా నెత్తిన పెట్టారా అనిపించింది.

పాఠం మొదట్లో చార్జి గురించి రాయాలి. తెలుగులో దాన్ని ఆవేశం అంటారు. నా ఒంట్లో ఉన్నదంతా అదేనని మా ఆయన ఆటపట్టిస్తాడు. ఆవేశం కుదురుగా కూర్చుంటే ఏ కిరణమూ పుట్టదు. ఒకే వేగంతో తిన్నగా పోయినా పుట్టదు. అది ఊగాలి, ఉలిక్కిపడాలి, వేగం మారాలి. అప్పుడు దాని చుట్టూ ఉన్న విద్యుత్ క్షేత్రం కదులుతుంది. విద్యుత్ క్షేత్రం మారితే అయస్కాంత క్షేత్రం పుడుతుంది. అది మారితే మళ్లీ విద్యుత్ క్షేత్రం. ఒకదాన్ని ఒకటి పుట్టించుకుంటూ రెండూ కలిసి ముందుకు సాగిపోతాయి. వాటికి గాలి అక్కర్లేదు, నీళ్లక్కర్లేదు, వైరు అసలే అక్కర్లేదు. సూర్యుడి నుంచి మన దాకా ఉన్న ఖాళీలో వెలుతురు వచ్చేది ఇలాగే. రేడియో తరంగాలూ, ఫోన్ సిగ్నలూ, పొయ్యి సెగా, వెలుతురూ, ఎక్స్ కిరణాలూ అన్నీ ఒకే ఇంటి పిల్లలు. ఖాళీలో అన్నిటి వేగమూ ఒకటే. తేడా అంతా అలల మధ్య దూరంలోనే ఉంటుంది.

పాఠం చివర ఉపయోగాలు ఉంటాయి. "ఎక్స్ కిరణాలు, గామా కిరణాలు: కాన్సర్ చికిత్సలో." ఒక మార్కు ప్రశ్న. ఇన్నేళ్లుగా ఆ లైను రాస్తూనే ఉన్నాను. ఈసారి దాని కింద ఇంకో నాలుగు లైన్లు రాశాను, ఆ కిరణాలు ఒంట్లో ఏం చేస్తాయో. మా టీమ్ లీడ్ బెజవాడ మనిషి, నెమ్మదస్తుడు. స్క్రిప్టు చదివి నా దగ్గరికొచ్చి, "ఈ ముక్క కొంచెం భయపెట్టేలా ఉందండి. పిల్లలు కదా, కాస్త హుషారుగా రాద్దామండి" అన్నాడు. హుషారుగా. సరేనని తీసేశాను.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి అక్క ముందు కూర్చున్నాను. పాప డ్రాయింగ్ పుస్తకంలో ఒక కాగితం చింపి, సూర్యుణ్ణి గీశాను, అలలు గీశాను. పిల్లలకు చెప్పే గొంతు తెచ్చుకున్నాను.

"కరెంటు గాదక్కా అది. ఉత్త మాట. వెలుతురు లాంటిదే, మన కంటికి కనపడదంతే. దాని అసలు పేరు విద్యుదయస్కాంత వికిరణం."

అక్క కుట్టు ఊడిన పాప గౌనులోంచి తల ఎత్తింది. "ఏం పేరు?"

మళ్లీ చెప్పాను. విడదీసి, విద్యుత్, అయస్కాంత, అని చెప్పాను కూడా.

"విద్యుత్ అంటే కరెంటే కదనే. మా గల్లీల ట్రాన్స్‌ఫార్మర్ డబ్బ మీద పుర్రె బొమ్మ ఏసి గదే రాసిన్రు. విద్యుత్ ప్రమాదం అని. రోజు చూస్త."

ఇంకెవరికైనా అయితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్ని. అక్క దగ్గర అబద్ధం నడవదు, నా మొహం చూసి పట్టేస్తుంది. పైగా శాస్త్రం కూడా అక్క పక్షమే. వెలుతురులో సగం విద్యుత్ క్షేత్రమే కదా. నేను ఉన్న మాట చెప్పబోయి ఇంకా చెడగొట్టాను.

"అందుల విద్యుత్ క్షేత్రం ఉంటది గని..."

"అగో. ఉన్నదంటున్నవ్ గదా" అంది అక్క, గౌను వైపు తిరిగి.

నా బతుకంతా ఆ పదం రాసుకుని తిన్నాను. తెలుగు పుస్తకాల్లో అంతకంటే ఖచ్చితమైన పదం లేదు. అదే నా కొంప ముంచింది. లోపలికి వెళ్లి స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చాను. వారం గడిచిపోతోంది. మిగిలిన కణం ఏదైనా ఉంటే అది నా వివరణ పూర్తయ్యే దాకా ఆగుతుందా అనుకున్నాను.

శనివారం అక్క నాకు చెప్పకుండా షాపుకెళ్లింది. మా ఆయనకు చెప్పి వెళ్లిందట, ఆయన ఆపలేదట. ఆయన్ని నాలుగు మాటలూ అనేసి, మధ్యాహ్నం నేను మూసాపేట చేరేసరికి, అక్క మిషను మీద కూర్చుని ఉంది, ఎడమ చెయ్యి ఇంకా సరిగా లేవకపోయినా. షాపు మెట్రో లైను పక్క సందులో. లోపల ట్యూబ్‌లైటు పొద్దస్తమానం వెలుగుతూనే ఉండాలి, లేకపోతే దారం రంగు తెలియదు. గుమ్మానికి నమూనా జాకెట్ ఒకటి ఎప్పుడూ వేలాడుతుంటుంది.

పోట్లాడదామనే వెళ్లాను. స్టూలు మీద కూర్చున్నాక ఓపిక లేకపోయింది. బల్ల మీద లేసు ముక్క పొడుగ్గా పడి ఉంటే, ఊరికే ఒక కొస పట్టుకుని ఊపాను. ఊపు అవతలి కొస దాకా పోయింది. అక్క చూస్తోంది.

"అక్కా, ఈ లేసు అటు పోయిందా?"

"యాడికి పోతది? నీ చేతులనే ఉన్నది."

"మరి అటు పోయిందేంది?"

"ఊపు."

"వైర్ల కరెంటుల గింతంత రేణువులు వరస కట్టి పోతయి. మనిషిని ముట్టుకుంటే మనిషిలకెల్లి పోతయి. అందుకే పట్టుకుంటది. వెలుతురుల ఏ రేణువుల వరస లేదు. ఊపే వస్తది. పట్టుకునుడు దానికి తెల్వదు."

అక్క లేసు కొస తను పట్టుకుని ఊపింది. కాదనలేదు. నాకు కొంచెం ప్రాణం లేచొచ్చింది. ఊపు పోతుంటే లేసులో లేచే మడతల్ని చూపించి, కుచ్చిళ్ల లెక్కన చెప్పాను. రేడియోకు కుచ్చిళ్లు దూరం దూరం, ఒక్కో కుచ్చు ఇల్లంత, గల్లీ అంత ఉంటుంది. వెలుతురువి దగ్గర దగ్గర, దారం కంటే చాలా సన్నం. ఎక్స్ కిరణాలవి మరీ దగ్గర. కుచ్చిళ్లు ఎంత దగ్గరైతే ఒక్కో దెబ్బ అంత గట్టిది. గుమ్మానికి వేలాడే జాకెట్ చూపించాను. ఒకప్పుడు ముదురు ఎరుపు, ఇప్పుడు భుజాల దగ్గర రంగే లేదు. అదే తానులో గుడ్డ లోపల అర మీద ట్యూబ్‌లైటు కింద ఏళ్లుగా పడి ఉంది, రంగు అలాగే ఉంది.

"లైటు రోజంత ఏసినా రంగు పోలే. దానివి మెత్తని దెబ్బలు, ఎన్ని పడ్డా అంతే. ఎండల మన కండ్లకు కనవడని కుచ్చిళ్లు కొన్ని ఉంటయి, గట్టియి. రంగును ఇరగ్గొట్టేటియి అవే. దవాఖానల ఇంక గట్టియి పెడతరు. గడ్డ విత్తనం ఏమన్న మిగిలితే దాన్ని ఇరగ్గొడతయి."

అక్క జాకెట్ వైపు చూసింది. "అంటే నన్ను గూడ గట్ల ఎలిసేటట్టు చేస్తరు."

అబద్ధం చెప్పాలనిపించింది. "నల్లబడుతది అక్కడ. మంట పుడతది. పక్కన మంచిగున్న దానికి గూడ జర దెబ్బ తగులుతది, కొన్ని రోజులకు మానుతది. నాకు గూడ భయమే. ఎడమ దిక్కు గదా, గుండె పక్కకే ఉంటది. అందుకే గుర్తులు పెట్టి, కొలిచి, దానికి తగలకుండ చూస్తరట."

అక్క కత్తెర తీసి పక్కన పెట్టింది. తర్వాత అడిగింది.

"నాకు ఏమన్న గాని. అది పెట్టినంక ఒంట్ల ఉంటదా? పాపను ముట్టుకోవచ్చునా?"

అప్పటికి గానీ నా మట్టిబుర్రకు చాప సంగతి వెలగలేదు. అక్క ఇన్నాళ్లూ భయపడుతున్నది తనకు షాకు కొడుతుందని కాదు. తన ఒళ్లు ఆ తీగలాగా అయిపోతుందని. ఎవరు ముట్టుకుంటే వాళ్లను పట్టుకుంటుందని. అందుకని ముందు నుంచే పిల్లను దూరం పెట్టి అలవాటు చేసుకుంటోంది. నేను అలలు గీసి చూపించాను, పేర్లు విడదీసి చెప్పాను, ఈ ఒక్కటీ అడగలేదు.

లేచి ట్యూబ్‌లైటు స్విచ్ ఆపాను. షాపు మసకబారింది.

"లైటు తీసేసిన. ఇన్ని రోజులసంది ఈ గోడల మీద పడ్డ వెలుతురు ఏమన్న మిగిలిందా అక్కా?"

అక్క గోడల వైపు చూసింది, పైకి చూసింది, అర మీది గుడ్డల వైపు చూసింది. తనే లేచి స్విచ్ వేసింది, మళ్లీ ఆపింది. బయట గిరాకీ ఒకామె వచ్చి, "కరెంటు పోయిందా అక్కా?" అని అడిగింది.

"పోలే. మేమే తీసినం" అంది అక్క. తర్వాత నాతో, "సోమారం పోదం తియ్" అంది.

ఆ రాత్రి కూడా చాప పరిచింది. నమ్మింది నన్నేగానీ, నేను చెప్పినదాన్ని ఇంకా నమ్మలేదు.

సోమవారం గుర్తులు పెట్టారు. ఛాతీ మీద ఊదా సిరాతో గీతలు గీసి, కడిగెయ్యొద్దని చెప్పారు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుని, "నన్నే కటింగ్‌కు మార్కు చేసిన్రు గదనే" అని అక్క నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ గీతల్లో ఒకటి గుండెకు ఎంత దగ్గరుందో చూస్తూ ఉండిపోయాను.

అసలు రోజు వచ్చింది. నేలమాళిగలో గది. తలుపు నా చెయ్యి పొడుగంత మందంగా ఉంది. లోపల అక్కను సన్నటి బల్ల మీద పడుకోబెట్టి, ఎడమ చెయ్యి తల పైకి పెట్టించారు. గోడల నుంచి ఆకుపచ్చ లైటు గీతలు వచ్చి సిరా గీతల మీద పడ్డాయి. టెక్నీషియన్ కుర్రాడు వాటిని సరిచూసుకుని, "అమ్మా, కదలకుండా పడుకోండి. నొప్పేమీ ఉండదండి. మేడమ్, మనం బయటికి వెళ్లాలండి" అన్నాడు.

అక్క కళ్లు తెరిచింది. మెడ తిప్పకుండా, కళ్లు మాత్రం నా వైపు తిప్పింది.

"నువ్వెందుకు పోతున్నవ్? ఎలుతురే అన్నవ్ గదా. ఒంట్ల ఏం మిగలదన్నవ్. అందరెందుకు పోతున్రు?"

ఇన్ని పాఠాలు రాశాను, ఏ పిల్లా ఇలాంటి ప్రశ్న అడగలేదు. టెక్నీషియన్ తలుపు దగ్గర ఆగాడు.

"నీకు అది మందు. నాకు జబ్బు లేదు, నాకెందుకు? వీళ్లు రోజంత ఇక్కడనే ఉంటరు, రోజు పడితే వీళ్లకు మంచిది గాదు. అందుకని పోవాలె."

"అంటే నీకు తగుల్తె మంచిది గాదు."

"మిషను నడిచినంతసేపే. ఆపినంక ఏముండదు. లైటు లెక్కనే."

"నీకు భయమైతున్నదా?"

"అయితున్నది."

అక్క పైకప్పు వైపు చూసింది. "అయితే పో. నేనుంట."

తలుపు మూసుకుంది. దాని పైన ఎర్ర లైటు వెలిగింది. బయట బల్ల మీద చిన్న తెరలో అక్క కనిపిస్తోంది, నలుపు తెలుపుల్లో. మిషను పెద్ద తల ఆమె చుట్టూ మెల్లగా తిరుగుతోంది. అందులో ఏం జరుగుతోందో నాకు తెలుసు, అదే నా ఖర్మ. ఎలక్ట్రాన్లను దాదాపు వెలుతురంత వేగంతో ఉరికించి, టంగ్‌స్టన్ ముక్కకు గుద్దిస్తారు. ఆ గుద్దుకు అవి గబుక్కున వేగం తగ్గుతాయి. వేగం మారిన ఆవేశం కిరణాలను వదులుతుంది. నా పాఠంలో మొదటి పేజీ. ఆ కిరణాలు ఇప్పుడు అక్క చర్మం దాటి, పక్కటెముకలు దాటి పోతున్నాయి. వాటికి నా అక్క ఎవరో తెలియదు, మంచి కణమేదో చెడ్డ కణమేదో తెలియదు. గీత ఒక్క వెంట్రుకవాసి తప్పితే? అక్కకు దగ్గొస్తే? తెరలో ఆమె ఛాతీ పైకీ కిందికీ కదులుతుంటే ప్రతి ఊపిరినీ లెక్కపెట్టాను. తెలిసి ఉండటం వల్ల ధైర్యమొస్తుందని చెప్పినవాళ్లెవరో నా ముందుకు రావాలి, చెబుతాను వాళ్ల సంగతి.

ఎర్ర లైటు ఆరింది. తలుపు మెల్లగా తెరుచుకుంది. టెక్నీషియన్ లోపలికి వెళ్లి అక్కను దింపాడు, ఆయా కొంగు సర్దబోతే అక్క వద్దని తనే సర్దుకుంది. గోడ వెంట నడుస్తూ బయటికొచ్చింది. రెండు చేతులూ ఒంటికి దగ్గరగా ముడుచుకుని, ఎవరికీ తగలకుండా ఉంది.

నేను ఎదురెళ్లాను.

"ఆగు. జర దూరముండు" అంది.

నేను ఆగలేదు. వెళ్లి తన ఎడమ చెయ్యి పట్టుకున్నాను. కర్రలా బిగుసుకుపోయింది చెయ్యి. అక్క కళ్లు గట్టిగా మూసుకుంది. నాకేమవుతుందోనని చూడలేక మూసుకుంది. నేను వదల్లేదు. అలాగే నిలబడ్డాం. పక్క నుంచి వీల్‌చైరు ఒకటి పోయింది. టెక్నీషియన్ తర్వాతి పేషెంటును పిలిచాడు.

అక్క కళ్లు తెరిచి నా మొహం చూసింది, తర్వాత మా చేతులు చూసింది.

"ఏమన్న అనిపిస్తున్నదా నీకు?"

"నీ చెయ్యి సల్లగున్నది. గంతే."

వేళ్లు మెల్లగా సడలాయి. తర్వాత అవే నా వేళ్లను పట్టుకున్నాయి.

"ఆ రోజు నన్ను ముట్టుకోనియ్యలే" అంది. బావ పేరు ఎత్తలేదు. ఇన్నేళ్లలో ఆ రోజు గురించి తను అన్న మొదటి మాట అది. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను, ఆపుకోవాలని చూడలేదు కూడా. అక్క ఏడవలేదు. కుడి చేత్తో కొంగు తీసి నా మొహం తుడిచింది, చిన్నప్పుడు బడికి పంపే ముందు తుడిచినట్టే, కొంచెం మొరటుగా.

లిఫ్టులో, పార్కింగులో, కారు తలుపు దాకా ఆ చెయ్యి వదల్లేదు. కూర్చున్నాక బెల్టు గీతల మీద పడకుండా సర్దుకుని అడిగింది.

"పాప స్కూలు ఎప్పుడిడుస్తరు?"

"ఇంక జర టైమున్నది."

"అటే పోనియ్. నేను దిగి, నేనే చెయ్యి పట్టుకొని తీస్కొస్త."